కౌన్సెలింగ్ మధ్యలో వదిలేసిన ఎంబీబీఎస్... బెంగళూరులో ఉద్యోగం చేస్తూ మళ్లీ నీట్ రాయొచ్చా?

పల్నాటి_పిల్ల
అందరికీ నమస్కారం. ఇన్నాళ్లూ ఇక్కడ చదవడమే గానీ రాసింది లేదు. పోస్టు కాస్త పెద్దది, ఓపిక పట్టండి.

మాది నరసరావుపేట దగ్గర ఊరు. ఆరో తరగతి నుంచి ఇంటర్ బైపీసీ దాకా గుంటూరు జిల్లాలోనే చదివాను. లాంగ్‌టర్మ్ తీసుకుని 2019లో నీట్ రాశాను. గొప్ప ర్యాంకేం కాదు, కానీ ప్రైవేటులో ఏ-కేటగిరీ (కన్వీనర్ కోటా, తక్కువ ఫీజు) సీటు ఎక్కడో ఒక చోట వచ్చేదే. సర్టిఫికెట్ వెరిఫికేషన్ కూడా అయిపోయింది. సరిగ్గా వెబ్ ఆప్షన్లు (ఏ కాలేజీలు కావాలో ఆన్‌లైన్‌లో ఎంచుకోవడం) పెట్టాల్సిన వారంలో నాన్నకు గుండె ఆపరేషన్. ఇంట్లో ఎవరికీ కౌన్సెలింగ్ సంగతి గుర్తు లేదు. నాకు గుర్తున్నా నోరు తెరిచి అడిగే పరిస్థితి కాదు. ఆ ఏడాదే బీఫార్మసీలో చేరాను, పూర్తి చేశాను.

ఇప్పుడు బెంగళూరులో ఫార్మకోవిజిలెన్స్ ఉద్యోగం. మందుల సైడ్ ఎఫెక్టుల మీద వచ్చే రిపోర్టులు చదివి డేటాబేస్‌లో ఎక్కించడం నా పని. "రోగి మూడో రోజుకు కోలుకున్నారు" అని ఒక లైను ఉంటుంది. తేదీలు సరిపోయాయో లేదో చూసి కేసు క్లోజ్ చేస్తాను. ఆ మూడు రోజులూ వార్డులో ఏం జరిగిందో ఆ ఫారంలో ఉండదు. నాకు తెలుసుకోవాలనిపించేది అదే.

నాన్న ఇప్పుడు బాగున్నారు. నాకు 24. మళ్లీ నీట్ రాస్తే 2019లో మధ్యలో వదిలేసిన సంగతి ఎక్కడైనా అడ్డం వస్తుందా? ఏదైనా బ్లాక్‌లిస్టులో పెట్టి ఉంటారా? రెండేళ్ల పైనుంచి ఇక్కడే ఉంటున్నా కాబట్టి కర్ణాటక కోటా వర్తిస్తుందా? ఇంట్లో ఇంకా చెప్పలేదు.

బీటీఎం_బాబాయ్
అమ్మా, ముందు ఆ బ్లాక్‌లిస్టు భయం తీసెయ్. ఆప్షన్లు పెట్టలేదు, సీటు అలాట్ కాలేదు. అంటే నువ్వు ఎవరి సీటూ వృథా చెయ్యలేదు. నీట్‌కు ఏ ఏడాదికి ఆ ఏడాదే కొత్త రిజిస్ట్రేషన్, కొత్త అప్లికేషన్ నంబర్. పాత నంబర్ పోయినా, అప్పటి ఫోన్ నంబర్ మారిపోయినా దిగుల్లేదు. ఎన్నిసార్లు రాయాలన్నదానికి పరిమితి లేదు. పై వయసు పరిమితిని కూడా 2022 మార్చిలో ఎన్‌ఎంసీ (జాతీయ వైద్య కమిషన్) తీసేసింది. అంతకుముందు జనరల్‌కు 25 అని ఉండేది, దాని మీద కోర్టుల్లో పెద్ద కథే నడిచింది.

మన దగ్గర ఇంటర్వ్యూ లేదు, "ఎందుకు వదిలేశావ్" అని అడిగే కమిటీ లేదు. ర్యాంకు, సర్టిఫికెట్లు, అంతే. మా అమ్మాయికి కౌన్సెలింగ్ చేయించిన అనుభవంతో చెప్తున్నా, చాలామంది చదువు దగ్గర కంటే కాగితాల దగ్గరే ఇబ్బంది పడతారు.

కర్ణాటక కోటా మాత్రం మర్చిపో. వాళ్లు చూసేది ఇక్కడ చేసిన ఉద్యోగం కాదు, ఇక్కడ చదివిన చదువు. ఒకటి నుంచి పన్నెండు లోపు ఏడేళ్లైనా కర్ణాటకలో చదివి ఉండాలన్నది వాళ్ల ప్రధాన నిబంధన. నీకేమో ఆంధ్రాలోనే బలం ఉంది. ఇంటర్‌తో ముగిసేలా వరుసగా నాలుగేళ్లు గుంటూరు జిల్లాలో చదివావు కాబట్టి ఆంధ్రా యూనివర్సిటీ ఏరియాకు లోకల్‌వి. తర్వాత నువ్వు బెంగళూరులో ఉన్నా బొంబాయిలో ఉన్నా అది పోదు. ఆరు నుంచి ఇంటర్ వరకు స్టడీ సర్టిఫికెట్లన్నీ దగ్గర పెట్టుకో. ఏ స్కూలైనా మూతపడి ఉంటే ఇప్పుడే డీఈవో ఆఫీసు చుట్టూ తిరగడం మొదలుపెట్టాలి.

కడప_కారం
బాబాయ్ వచ్చేశారు, ఇంక మీసేవ కౌంటర్ తెరిచినట్టే 😄

అక్కా, ఇంట్లో చెప్పకుండా నీట్ రాసేదేంది? పరీక్ష రోజు ఏమని చెప్పి పోతావు, సినిమాకనా?

నైట్‌డ్యూటీ_డాక్టర్
నేను బెంగళూరులోనే ఒక ప్రభుత్వ ఆసుపత్రిలో పీజీ చేస్తున్నాను. అందరూ ప్రోత్సహిస్తున్నారు కాబట్టి రెండో వైపు కూడా ఎవరైనా చెప్పాలి.

2025లో నీట్ రాసినవాళ్లు దాదాపు 22 లక్షలు, క్వాలిఫై అయినవాళ్లు 12.36 లక్షలు. దేశమంతా కలిపి ఎంబీబీఎస్ సీట్లు లక్షా ఇరవై వేల చుట్టుపక్కల. జనరల్ కటాఫ్ 144. అది దాటితే సీటు వచ్చినట్టు కాదు, క్యూలో నిలబడనిచ్చినట్టు. వచ్చే ఏడాదే సీటు వచ్చిందనుకుందాం. నాలుగున్నరేళ్ల చదువు, ఏడాది ఇంటర్న్‌షిప్. అప్పటికి ముప్పై దాటుతావు. తర్వాత పీజీకి మళ్లీ పరీక్ష, మళ్లీ మూడేళ్లు. నీ బ్యాచ్‌వాళ్లు కార్ల ఈఎంఐలు కడుతుంటే నువ్వు హాస్టల్ మెస్ బిల్లు గురించి నాన్నకు ఫోన్ చేస్తుంటావు.

వార్డులో మూడు రోజులు ఏం జరుగుతుందో తెలుసుకోవాలన్నావు కదా. తెల్లవారుజామున బ్లడ్ శాంపిల్స్ తీస్తాం. రిపోర్టు కోసం ల్యాబ్‌కి పరిగెత్తుతాం. కేస్ షీట్ రాస్తాం. మంచం దొరకలేదని అరిచే బంధువులకు సర్దిచెప్తాం. మళ్లీ కేస్ షీట్ రాస్తాం. నువ్వు రోజూ తిట్టుకునే ఆ ఒక్క లైను రాసేది మాలాంటి వాళ్లమే, అదీ నిద్రమత్తులో.

అంతా అయ్యాక కూడా "నాకు ఇదే కావాలి" అనిపిస్తే అప్పుడు రాయి.

మారతహళ్లి_అమ్మ
డాక్టర్ బాబూ, పాపను అంత బెదిరించకు. మీరంతా ఆ కష్టం తెలిసే వెళ్లారా ఏంటి?

మధ్యలో నా గోడు కూడా వినండి. మాది అనంతపురం, మా వాడు ఎనిమిదో తరగతి నుంచి బెంగళూరులో సీబీఎస్‌ఈ. ఇప్పుడు ప్లస్ టూ. బాబాయ్ గారు చెప్పిన ఏడేళ్ల లెక్క చూస్తే ఇక్కడ అయిదేళ్లే అవుతోంది. అక్కడ చూస్తే చివరి నాలుగేళ్లు ఆంధ్రాలో లేడు. అంటే మా వాడు ఎక్కడివాడు?

బీటీఎం_బాబాయ్
అమ్మా, రెంటికీ చెడ్డ రేవడి అంటే ఇదే. మీలాంటి ఇళ్లు బెంగళూరులో చాలా ఉన్నాయి. పిల్లల్ని తీసుకొచ్చేటప్పుడు స్కూలు ఫీజు చూస్తాం, ట్రాఫిక్ చూస్తాం, ఈ లెక్క ఎవరూ చూడరు. అయితే కర్ణాటకలో ఏడేళ్లది ఒక్కటే క్లాజు కాదు, తల్లిదండ్రుల చదువును బట్టి, ఉద్యోగాన్ని బట్టి వేరే క్లాజులూ ఉన్నాయి. అక్కడ కౌన్సెలింగ్ నడిపే కేఈఏ బ్రోచర్ పూర్తిగా చదవండి. అవేవీ కుదరకపోయినా ప్రభుత్వ కాలేజీల్లో ఆల్ ఇండియా కోటా 15 శాతం, డీమ్డ్ యూనివర్సిటీలు, కర్ణాటక ప్రైవేటు కాలేజీల్లో బయటి రాష్ట్రాలవారికి తెరిచిన సీట్లు ఉంటాయి. డీమ్డ్ ఫీజు చూసేటప్పుడు మాత్రం కూర్చుని చూడండి. చాలాచోట్ల ఏడాదికే 20 లక్షలు దాటుతోంది.

నెల్లూరోడు
నా కేసు నీకు బాగా దగ్గర చెల్లీ. బీఎస్సీ చేసి ఎలక్ట్రానిక్ సిటీలో మెడికల్ కోడింగ్ చేసేవాణ్ని. ఇప్పుడు ఆంధ్రాలో ప్రభుత్వ కాలేజీలో సెకండియర్. క్లాసులో అందరూ "అన్నా" అంటారు, లెక్చరర్లలో ఇద్దరు నాకంటే చిన్నవాళ్లు. మొదటి నెల ఇబ్బందిగా ఉంటుంది, అనాటమీ మొదలయ్యాక ఎవరి వయసూ ఎవరికీ గుర్తుండదు.

డాక్టర్ గారు వయసు లెక్క చెప్పారు, నేను సిలబస్ లెక్క చెప్తా. నీ పాత నోట్సు తీసి ఉన్నదున్నట్టు చదవడం మొదలుపెట్టకు. 2024 నీట్ నుంచి సిలబస్ మారింది. బయాలజీలో జీర్ణక్రియ చాప్టర్ లేదు, మొక్కల్లో రవాణా లేదు, మినరల్ న్యూట్రిషన్ లేదు. కెమిస్ట్రీలో సాలిడ్ స్టేట్, సర్ఫేస్ కెమిస్ట్రీ, మెటలర్జీ, పాలిమర్స్ ఎగిరిపోయాయి. ఫిజిక్స్‌లో ఎక్స్‌పెరిమెంటల్ స్కిల్స్, కెమిస్ట్రీలో ప్రాక్టికల్స్‌కి సంబంధించిన భాగం కొత్తగా కలిశాయి. కొత్త ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకాలు కొనుక్కో. అవెన్యూ రోడ్డులో సెకండ్ హ్యాండ్ దొరుకుతాయి గానీ ఏ ఏడాది ప్రింటో చూసి తీసుకో, పాతవి అంటగడతారు.

మార్కులు కూడా 2019తో పోల్చుకోకు. 2019లో టాప్ మార్కు 701. 2024లో మొదట ఇచ్చిన ఫలితాల్లో 67 మందికి 720కి 720. 2025లో ఫిజిక్స్ చంపేసింది, దేశం మొత్తం మీద టాప్ 686. ఒక ఏడాది 550 అంటే ఏడుపు, ఇంకో ఏడాది అదే 550 అంటే పండగ. ర్యాంకు చూసుకో, ఆంధ్రాలో గత రెండు మూడేళ్లు ఏ ర్యాంకుకు ఎక్కడ సీటు ఆగిందో యూనివర్సిటీ పెట్టే లిస్టుల్లో ఉంటుంది.

బీఫార్మసీ చేశావు కాబట్టి ఆర్గానిక్, ఫిజియాలజీ నీకు నల్లేరు మీద నడక. ఫిజిక్సే గుదిబండ. 180 ప్రశ్నల్లో 45 అవే. నేను ఉద్యోగంలో ఉండగా పొద్దున ఫిజిక్స్ తప్ప ఇంకోటి ముట్టలేదు. సాయంత్రం సిల్క్ బోర్డ్ ట్రాఫిక్ దాటి ఇంటికొచ్చాక లెక్కలు చేసే బుర్ర ఎవరికీ మిగలదు.

కడప_కారం
సిల్క్ బోర్డ్ దగ్గర బస్సులో నిలబడే టైముకు ఎన్‌సీఈఆర్‌టీ రెండుసార్లు రివిజన్ అయిపోతాది కదన్నా.

నెల్లూరోడు
నవ్వుతావు గానీ బయాలజీ నిజంగా సగం అక్కడే చదివా.

సీటు_వదిలినోడు
"వదిలేశాను" అన్న మాటకు అందరూ ఒకే అర్థం తీసుకుంటారేమో అని రాస్తున్నా. ఏ మెట్టు మీద వదిలారన్నదే ముఖ్యం. ఆల్ ఇండియా కోటా, డీమ్డ్ సీట్లకు కేంద్రం తరఫున జరిగే ఎంసీసీ కౌన్సెలింగ్‌లో మొదటి రౌండులో సీటు వచ్చి చేరకపోతే ఫ్రీ ఎగ్జిట్, ఏమీ పోదు. రెండో రౌండులో అలాటై చేరకపోతే సెక్యూరిటీ డిపాజిట్ పోతుంది. ఆల్ ఇండియా కోటాకైతే జనరల్‌కు 10 వేలు, ఎస్సీ, ఎస్టీ, ఓబీసీ, దివ్యాంగులకు 5 వేలు. డీమ్డ్‌కైతే 2 లక్షలు, అది మాత్రం గట్టిగానే తగులుతుంది. చివర మిగిలిన సీట్లకు జరిపే స్ట్రే రౌండులో సీటు తీసుకుని చేరకపోతే డిపాజిట్ పోవడమే కాదు, తర్వాతి నీట్ కూడా రాయనివ్వరు. ఈసారి కౌన్సెలింగ్‌కి వెళ్తే ఇది గుర్తుపెట్టుకోండి. సరదాకి ఆప్షన్ పెట్టకండి.

నేను చెన్నైలో ఒక డీమ్డ్ కాలేజీలో చేరి కొన్ని వారాలకే మానేశాను. ఒరిజినల్స్ ఇమ్మంటే మొత్తం కోర్సు ఫీజు కట్టి తీసుకెళ్లమన్నారు. ఒరిజినల్ సర్టిఫికెట్లు కాలేజీలు దగ్గర పెట్టుకోకూడదని యూజీసీ 2018లోనే నోటిఫికేషన్ ఇచ్చింది. ఆ కాపీ జతచేసి లెటర్ పెట్టి, యూజీసీకి కూడా ఫిర్యాదు పంపాక పదో తరగతి, ఇంటర్ మెమోలు చేతికొచ్చాయి. కట్టిన ఫీజులో రూపాయి రాలేదు. మా నాన్న ఇప్పటికీ ఆ రసీదు బీరువాలో దాచారు, ఎందుకో ఆయనకే తెలియాలి.

సీట్_కన్ఫర్మ్_సర్వీసెస్
[ఈ పోస్టు తొలగించబడింది]

మోడరేటర్
"తక్కువ నీట్ మార్కులకు మేనేజ్‌మెంట్ సీటు గ్యారంటీ" పోస్టులు పెడితే ఐడీ తీసేస్తాం. మెసేజ్ బాక్సులో ఇలాంటివి ఎవరైనా పంపితే మాకు చెప్పండి. నీట్ ర్యాంకు, అధికారిక కౌన్సెలింగ్ లేకుండా మన దేశంలో ఎంబీబీఎస్ సీటు ఇచ్చే దొడ్డిదారి లేదు.

పల్నాటి_పిల్ల
అందరికీ చాలా థ్యాంక్స్. డాక్టర్ గారి పోస్టు చదివి రాత్రి నిద్ర పట్టలేదు, నిజం. కానీ పొద్దున్నే ఒక విషయం అర్థమైంది. ఆయన భయపెట్టడానికి రాసినదంతా చదువుతుంటే నాకు అసూయగా అనిపించింది.

ఆ పోస్టు తొలగించకముందే నాకూ మెసేజ్ వచ్చింది, కిర్గిజ్‌స్తాన్ పంపిస్తామని. నా 2019 స్కోరు చాలట.

నైట్‌డ్యూటీ_డాక్టర్
చాలదు. విదేశాల్లో చదవడానికి నీట్ స్కోరు మూడేళ్లే చెల్లుతుంది, నీది ఎప్పుడో అయిపోయింది. దేశంలో అడ్మిషన్‌కైతే ఆ ఒక్క ఏడాదికే. పైగా 2021 నిబంధనల ప్రకారం బయట 54 నెలల కోర్సు, అక్కడే ఏడాది ఇంటర్న్‌షిప్, మళ్లీ వచ్చాక ఇక్కడ స్క్రీనింగ్ పరీక్ష, ఇక్కడ ఇంకో ఇంటర్న్‌షిప్. తెలియనట్టు మాట్లాడేవాళ్లకు ఇవన్నీ తెలుసు.

అసూయ అన్నావు చూడు, దానికి నా దగ్గర సమాధానం లేదు. ఒకటి చెప్తా. ఇక్కడికి హిందూపురం, మదనపల్లె వైపు నుంచి రోజూ పేషెంట్లు వస్తారు. కన్నడంలో అడిగిన ప్రతిదానికీ తలూపుతారు, ఏమీ అర్థం కాకపోయినా. నిన్న రాత్రి ఒక పెద్దావిడ అలాగే ఊపుతుంటే "ఏమ్మా, ఏ ఊరు?" అన్నాను. మనవడి పెళ్లి నుంచి మొదలుపెట్టి, నాలుగు రోజులుగా మాత్రలు మింగకుండా కొంగులో కట్టుకుంటున్న సంగతి దాకా చెప్పింది. కొంగు ముడి విప్పి చూపించింది కూడా. షుగర్ ఎందుకు తగ్గట్లేదో అప్పుడు తెలిసింది. కేస్ షీట్‌లో మాత్రం "మందులు సరిగా వాడలేదు" అనే రాశాను. మీ డేటాబేస్‌కి వస్తే చూసుకో.

ఉద్యోగం మాత్రం ఇప్పుడే మానకు.

నెల్లూరోడు
ఆ మాట నేనూ అంటా. నోటీస్ పీరియడ్ ఎంత? రెండు నెలలైతే కొత్త సంవత్సరం వచ్చాక ఆలోచించు. ఫారం ఫిబ్రవరిలో వస్తుంది, 2025లో ఫిబ్రవరి 7 నుంచి మార్చి 7 దాకా ఉండె. పరీక్ష మే మొదటి ఆదివారం పెడుతున్నారు. ఈలోపు వారాంతాల్లో పాత పేపర్లు మూడు గంటలు టైము పెట్టుకుని రాయి, మధ్యాహ్నం రెండు నుంచి అయిదు వరకు, అసలు పరీక్ష టైములోనే. భోంచేశాక ఆ వేళకు కళ్లు మూతపడతాయి, అలవాటు కావాలి.

కాగితాల్లో ఎవరూ చెప్పనిది ఒకటి. నీ ఇంటర్ టీసీ బీఫార్మసీ కాలేజీలో ఇచ్చేసి ఉంటావు. ఇప్పుడు చేరేటప్పుడు చివర చదివిన కాలేజీ టీసీ అడుగుతారు, వేరే యూనివర్సిటీ కాబట్టి మైగ్రేషన్ సర్టిఫికెట్ కూడా. డిగ్రీ అయ్యాక నువ్వు టీసీ తీసుకున్నావా?

పల్నాటి_పిల్ల
ప్రొవిజనల్, మార్కుల మెమోలు తీసుకున్నా అన్నా. టీసీ తీసుకున్నట్టు గుర్తు లేదు. సంక్రాంతికి ఊరెళ్లినప్పుడు కాలేజీకి వెళ్తాను. నోటీస్ పీరియడ్ మూడు నెలలు.

ఇంకో డౌట్. మేము ఓసీ. నాన్నకు రెండెకరాల పత్తి చేను. ఈడబ్ల్యూఎస్ (ఆర్థికంగా వెనకబడిన ఓసీల కోటా) తీసుకుందామంటే నేను ఉద్యోగం చేస్తున్నా కదా, కుదురుతుందా?

బీటీఎం_బాబాయ్
మంచి ప్రశ్న, చాలామంది ఇక్కడే తడబడతారు. ఈడబ్ల్యూఎస్‌లో కుటుంబ ఆదాయమంటే నీ జీతం కూడా కలుస్తుంది. నీది, అమ్మానాన్నలది, పద్దెనిమిదేళ్ల లోపు తోబుట్టువులుంటే వాళ్లది, అంతా కలిపి ముందు ఆర్థిక సంవత్సరంలో 8 లక్షల లోపు ఉండాలి. కేంద్రం లెక్కలో పొలం అయిదెకరాల లోపే ఉండాలి, అది మీకు ఇబ్బంది లేదు. ఓబీసీ వాళ్లకు లెక్క వేరు, అక్కడ చూసేది తల్లిదండ్రుల స్థాయి, అభ్యర్థి జీతం కాదు. పోతే, ఆంధ్రాలో బీసీ అయినంత మాత్రాన కేంద్రం ఓబీసీ జాబితాలో ఉన్నట్టు కాదు. చదివేవాళ్లలో బీసీలు ఎవరైనా ఉంటే ఫారంలో టిక్కు పెట్టే ముందు ఆ జాబితా చూసుకోండి.

నువ్వు ఆఫీసులో ఫారం 16 (జీతం, పన్ను వివరాల కాగితం) తీసుకుని, నాన్నగారిచేత సచివాలయంలో దరఖాస్తు పెట్టించు. ఈ పని నాన్నకు తెలియకుండా అవదు గనక, ఇంట్లో చెప్పేయ్.

మారతహళ్లి_అమ్మ
ముందు అమ్మకు చెప్పు. నాన్న దగ్గర విషయం ఎప్పుడు కదపాలో ఆవిడకు తెలుసు.

పరీక్ష సెంటర్ బెంగళూరు పెట్టుకోవచ్చా, ఊరే పెట్టుకోవాలా? మా వాడి కోసం కూడా అడుగుతున్నా.

నెల్లూరోడు
ఎక్కడైనా పెట్టుకోవచ్చమ్మా, లోకల్ స్టేటస్‌కీ సెంటర్‌కీ సంబంధం లేదు. ఒక్క మెలిక, తెలుగు ప్రశ్నపత్రం కావాలంటే మాత్రం ఆంధ్రా, తెలంగాణ సెంటర్లే. ఇంగ్లిష్ పేపరైతే బెంగళూరు హాయి.

పల్నాటి_పిల్ల
అమ్మకు ఫోన్ చేశాను. అయిదు నిమిషాలు మాట్లాడలేదు. తర్వాత "అప్పుడు నువ్వు అడుగుతావేమోనని నేను భయపడ్డా" అంది. నాన్నకు ఆదివారం చెప్తానంది, నన్ను లైన్లో ఉండొద్దంది.

ఎంబీబీఎస్ ఫీజు కోసం నా జీతంలో కొంత దాచాను. ఏ-కేటగిరీ సీటు వస్తే అది సరిపోతుంది. బీ-కేటగిరీ (మేనేజ్‌మెంట్ కోటా) ఫీజు అయితే మా వల్ల కాదు, అప్పు చేయించను. ఒక్క ఏడాది గట్టిగా చూస్తాను. ఈలోపు ఉద్యోగం మానను. మేనేజర్‌ని ఏప్రిల్‌లో లీవు అడిగి చూస్తా.

కడప_కారం
లీవుకు కారణం ఏం రాస్తావక్కా? "రోగి మూడో రోజుకు కోలుకుంటారు" అని రాయి 😄

జోకులు పక్కన పెడితే, ఫారం నింపే ముందు ఆధార్‌లో పేరు, పదో తరగతి మెమోలో పేరు ఒకటేనా చూసుకో. మా తమ్మునికి అక్కడే తలనొప్పి వచ్చింది.

పల్నాటి_పిల్ల
ఇప్పుడే చూశాను. మెమోలో ఇంటిపేరు పూర్తిగా ఉంది. ఆధార్‌లో ఒక్క అక్షరమే ఉంది, అది కూడా చివర్లో!

బీటీఎం_బాబాయ్
ఫిబ్రవరి దాకా ఆగకు. ఆన్‌లైన్‌లో అపాయింట్‌మెంట్ తీసుకుని ఈ వారమే ఆధార్ సేవా కేంద్రానికి వెళ్లు. పేరు జీవితంలో రెండుసార్లే మార్చనిస్తారు, కాబట్టి కౌంటర్‌లో వాళ్లు కొట్టిన స్పెల్లింగ్ మెమో పక్కన పెట్టి అక్షరం అక్షరం చూసుకున్నాకే సంతకం పెట్టు.